అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్‌కి గాలి బాగా అందేలా చేయడం ఎలా

పాత అంబాసిడర్‌కి పికప్ తగ్గిందనిపిస్తే ముందుగా వినిపించే సలహా ఒకటుంది: ఫిల్టర్ డబ్బా పీకేసి, కోన్ ఫిల్టర్ బిగించెయ్. అలా చేస్తే శబ్దం పెరుగుతుంది, శబ్దంతో పాటు బండి కూడా పరుగెడుతున్నట్టు అనిపిస్తుంది. గడియారం పెట్టి చూస్తే చాలాసార్లు తేడా ఉండదు, ఎండాకాలంలో అయితే వెనక్కి కూడా పోతుంది. ఆ కోన్ ఫిల్టర్ పీల్చేది రేడియేటర్ మీదుగా, సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం) పక్కగా వచ్చిన వేడిగాలి. ఈ ఇంజిన్‌కి మీరు చేయగలిగిన మేలు మూడు చోట్ల ఉంది: చల్లటి గాలి, గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్ నోటి దగ్గర సాఫీ దారి, వచ్చిన గాలికి సరిపడా పెట్రోల్. ఈ మూడూ ఇంట్లో, ఒక లేత్ షాపు సాయంతో చేసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, దానికి ఎస్‌యూ కార్బురేటర్ ఉన్న బండి గురించి. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఇంజిన్ బీఎంసీ బీ-సిరీస్, అంటే ఎంజీఏ, ఎంజీబీ స్పోర్ట్స్ కార్లలో ఉన్న ఇంజిన్ కుటుంబమే. మీ బండికి సోలెక్స్ కార్బురేటర్ ఉంటే చల్లగాలి, జాయింట్ల భాగాలు అలాగే పనికొస్తాయి, ట్యూనింగ్ భాగం మాత్రం వేరు. డీజిల్ ఇంజిన్‌కి, తర్వాత వచ్చిన ఇసుజు 1.8కి ఇది వర్తించదు.

ముందు ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో లెక్క వేసుకుందాం, ఎందుకంటే తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది. 4200 ఆర్‌పీఎం దగ్గర 1489 సీసీ అంటే నిమిషానికి సుమారు 3100 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 80 శాతం వేసుకుంటే 2500 లీటర్లు. ఇదంతా హెచ్‌ఎస్2 అనే ఎస్‌యూ కార్బురేటర్‌లోని 1¼ అంగుళాల, అంటే 32 మిల్లీమీటర్ల గొంతులోంచి పోవాలి. అక్కడ గాలి సగటు వేగం సెకనుకు 50 మీటర్లు దాటుతుంది, గంటకు 190 కిలోమీటర్ల దాకా వస్తుంది. అదే గాలి 63 మిల్లీమీటర్ల పైపులో పోతే సెకనుకు 13 మీటర్లే. అందుకే ఫిల్టర్‌కి ముందున్న పైపులో చిన్న లోపాలున్నా పెద్ద నష్టం లేదు, కార్బురేటర్ నోటి దగ్గర మాత్రం ఒక పదునైన అంచు కూడా లెక్కలోకి వస్తుంది.

మొదటి పని: ఇంజిన్ బాగుందో లేదో చూసుకోండి

కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో దాదాపు సమానంగా ఉండాలి. ట్యాపెట్ క్లియరెన్స్ మాన్యువల్ ప్రకారం పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్ గ్యాప్ సుమారు 0.64. టైమింగ్ సరిచూడండి. వాల్వులు లీకవుతున్న ఇంజిన్‌కి ఇన్‌టేక్ పని చేయించడం డబ్బు దండగ.

వ్యాక్యూమ్ గేజ్ దొరికితే గాలి లోపలికి పోయే మానిఫోల్డ్‌కి పెట్టి ఐడ్లింగ్‌లో చూడండి. సముద్ర మట్టంలో బాగున్న ఇంజిన్ 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు కదలకుండా చూపిస్తుంది. విశాఖలో 19 చూపించిన బండి హైదరాబాద్‌లో 17 చూపిస్తే భయపడొద్దు. ఊరు 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ప్రతి 300 మీటర్లకు ఒక అంగుళం తగ్గడం సహజం. ముల్లు కొట్టుకుంటుంటే మాత్రం ముందు ఆ సంగతి తేల్చుకోండి.

రెండో పని: యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకుంటోందా?

ఇది రెండు నిమిషాల పని, చాలామంది చూడరు. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ విప్పి, ఇంట్లో ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి పెడల్ చివరిదాకా తొక్కమనండి. కార్బురేటర్ నోట్లోంచి పిస్టన్‌ని (ఇంజిన్ పిస్టన్ కాదు, ఎస్‌యూ గొంతులో పైకీ కిందికీ కదిలేది) వేలితో పైకెత్తి, టార్చ్ వేసి లోపలి త్రాటిల్ రేకు చూడండి. అది గాలి దారికి పూర్తిగా సమాంతరంగా, అంచు మాత్రమే కనిపించేలా నిలబడాలి. కాస్త వాలుగా ఉందంటే లింకేజీ అరిగింది, లేదా పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడుతోంది. లింకేజీ సరిచేస్తే పైసా ఖర్చు లేకుండా పికప్ వస్తుంది. అదే చేత్తో త్రాటిల్ షాఫ్ట్‌ని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆట తెలిసేంతగా ఉంటే అక్కడినుంచి ఫిల్టర్ కాని గాలి లోపలికి పోతోంది. బుష్‌లు వేయించాలి, లేకపోతే తర్వాత ఎంత ట్యూన్ చేసినా ఐడ్లింగ్ నిలబడదు.

మూడో పని: లెవెల్ పైపుతో కొలవండి

తాపీ మేస్త్రీలు వాడే పారదర్శక లెవెల్ పైపు నాలుగైదు మీటర్లు కొనండి. ఒక చెక్క మీద యు ఆకారంలో, రెండు కొమ్ములూ కనీసం 60 సెంటీమీటర్లు ఉండేలా బిగించి, పక్కన స్కేలు అతికించండి. సగం వరకు రంగునీళ్లు పోయండి. ఒక కొమ్ము గాలికి తెరిచి ఉంచండి. రెండో కొమ్మును ఫిల్టర్‌కీ కార్బురేటర్‌కీ మధ్యనున్న చోటుకి కలపాలి. డబ్బాకి కన్నం పెట్టక్కర్లేదు. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) నుంచి ఫిల్టర్ డబ్బాకి వచ్చే బ్రీదర్ పైపు ఫిల్టర్ లోపలివైపు కలిసి ఉంటే, పరీక్ష జరిగేంతసేపు దాన్ని తీసి ఆ నాజిల్‌కే మీ పైపు తగిలించండి. కవర్ వైపు మాత్రం ఒక గుడ్డ చుట్టండి. పైపులో ఒకచోట కొంచెం దూది కూరితే నీళ్లు ఎగిరెగిరి పడవు.

చెక్కను పక్క సీట్లో కూర్చున్నవాళ్లు పట్టుకోవాలి, డ్రైవర్ చూపు రోడ్డు మీదే ఉండాలి. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద మూడో గేరులో, పెడల్ పూర్తిగా తొక్కి, 65-70 కిలోమీటర్ల వేగం దగ్గర రెండు కొమ్ముల నీటి మట్టాల మధ్య తేడా చదవండి. ప్రతిసారీ అదే గేరు, అదే వేగం.

10 సెంటీమీటర్ల నీటి తేడా అంటే గాలి పీడనంలో సుమారు 1 శాతం. ఇంజిన్‌కి అందే గాలిలో కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఈ బండి పవర్ 50 హార్స్‌పవర్‌కి అటూ ఇటూ కాబట్టి 1 శాతం అంటే అర హార్స్‌పవర్. మీకు 10-15 సెంటీమీటర్లు వచ్చిందంటే మీ ఫిల్టర్‌లో తప్పేమీ లేదు, దాన్ని మార్చి సాధించేది ఏమీ లేదు. 30 దాటితే ఎలిమెంట్ మురికి పట్టింది, లేదా ఎవరో చిన్న ఫిల్టర్ బిగించారు. ఆయిల్ బాత్ రకం (దుమ్ముని ఆయిల్‌తో పట్టే ఫిల్టర్) ఉంటే అందులో ఆయిల్ గీత దాటి పోశారేమో చూడండి, మడ్డి పేరుకుని ఉంటే కడిగి కొత్తది పోయండి.

ఫిల్టర్ లేకుండా ఒకసారి నడిపి చూద్దాం అనుకోకండి. మన రోడ్ల దుమ్ము, ముఖ్యంగా క్వారీ లారీలు తిరిగే దారుల్లో లేచే రాతి పొడి, రింగుల్నీ సిలిండర్ గోడల్నీ అరగదీస్తుంది. పైగా కార్బురేటర్‌లోంచి మంట ఎదురుతన్నినప్పుడు దాన్ని ఆపేది ఆ ఫిల్టర్ డబ్బానే.

నాలుగో పని: చల్లగాలి తెప్పించండి

బీ-సిరీస్ ఇంజిన్‌లో గాలి లోపలికి పోయే మానిఫోల్డ్, పొగ బయటికొచ్చే మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ కూర్చున్నది ఆ వేడి మీదే. ఇంగ్లండ్ చలికి అది మేలు చేసింది, రెంటచింతల ఎండకి చేయదు.

వైరు చివర సెన్సర్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనండి. సెన్సర్‌ని ఫిల్టర్ గాలి పీల్చే మూతి దగ్గర కట్టి, డిస్‌ప్లే లోపల పెట్టుకుని ట్రాఫిక్‌లో కాసేపు, హైవే మీద కాసేపు తిరగండి. బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు అక్కడ 65 కనిపిస్తే, ఆ 23 డిగ్రీల తేడా వల్ల గాలి సాంద్రత సుమారు 7 శాతం తగ్గినట్టు. మూడు డిగ్రీలకు ఒక శాతం అని గుర్తుపెట్టుకోండి. ఏ ఫిల్టర్ మార్పూ ఇంత ఇవ్వదు. ఈ పని మొత్తంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

ఫిల్టర్ డబ్బా మూతికి 63 మిల్లీమీటర్లు లేదా అంతకంటే పెద్ద పైపు తగిలించి, రేడియేటర్ పక్కగా ముందు గ్రిల్ వెనక్కి తీసుకెళ్లండి. బోరు మోటారుకి వాడే 63 పీవీసీ పైపు చూడగానే సరిపోయేలా కనిపిస్తుంది, కానీ మానిఫోల్డ్ వేడికి మెత్తబడి వంగిపోతుంది. రబ్బరు హోస్ గానీ, అల్యూమినియం ఫ్లెక్సిబుల్ డక్ట్ గానీ వాడండి. ముడతల డక్ట్ అయితే వీలైనంత పొట్టిగా, సాగినంతా లాగి బిగించండి. ఫ్యాన్ రెక్కలకీ, బెల్టుకీ, సైలెన్సర్ మానిఫోల్డ్‌కీ దూరంగా క్లాంపులతో కట్టండి.

పైపు చివరి నోరు ఎక్కడ పెడుతున్నారో బాగా ఆలోచించండి. బంపర్ ఎత్తులో పెడితే వానాకాలం నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఇంజిన్ నీళ్లు మింగుతుంది. నీళ్లు సిలిండర్‌లోకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హెడ్‌లైట్ ఎత్తుకి తగ్గకుండా, ఎదురుగా వచ్చే వాన నేరుగా పడకుండా, కొంచెం పక్కకి లేదా కిందికి తిరిగి ఉండాలి. నోటికి ముతక జాలీ ఒకటి చాలు.

కార్బురేటర్ కింద హీట్ షీల్డ్ రేకు ఉందో లేదో చూడండి. పాత బండ్లలో ఎప్పుడో విప్పి పక్కన పడేసి ఉంటారు. లేకపోతే అల్యూమినియం రేకు కత్తిరించి చేయించండి. ఎండలో బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోల్ ఆవిరై వచ్చే ఇబ్బంది కూడా దీంతో తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో ఇదే ఇంజిన్ ఉన్న కారు నడిపేవాళ్లు మాత్రం చలికాలంలో ఈ పైపు తీసేయాలి. తేమతో కూడిన చల్లగాలికి కార్బురేటర్ గొంతులో మంచు పేరుకుంటుంది.

ఐదో పని: కార్బురేటర్ నోటికి గుండ్రటి అంచు

గాలి పెద్ద డబ్బాలోంచి చిన్న గొంతులోకి తిరిగేటప్పుడు అంచు పదునుగా ఉంటే, గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది. అందువల్ల వాడుకలోకి వచ్చే గొంతు వెడల్పు తగ్గుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ లెక్కల్లో పదును అంచు దగ్గర పీడన నష్టం గుణకం 0.5 అయితే, బాగా గుండ్రంగా చేసిన అంచు దగ్గర 0.05 కంటే తక్కువ. పైన చెప్పిన వేగానికి అది దాదాపు 7-8 సెంటీమీటర్ల నీటి పీడనం. అంటే ఇంచుమించు ఒక శాతం కంటే తక్కువే. చిన్నదే, అయినా ఒకసారి ఖర్చు పెడితే బండి ఉన్నంతకాలం ఉండే లాభం. ఎంజీబీలాంటి కార్లకి ఇది స్టబ్ స్టాక్ పేరుతో రెడీమేడ్‌గా దొరుకుతుంది. అంబాసిడర్‌కి లేత్ షాపులో చేయించుకోవడమే మంచిది.

వెర్నియర్‌తో కార్బురేటర్ నోరు కొలవండి, నంబరు చూసి సైజు ఊహించొద్దు. 15 మిల్లీమీటర్ల మందం అల్యూమినియంలో ఒక రింగు తిప్పించండి. లోపలి వ్యాసం కార్బురేటర్ నోటికి అచ్చంగా సమానంగా ఉండాలి. గాలి వచ్చే వైపు అంచుని 10 మిల్లీమీటర్ల రేడియస్‌తో బయటికి గుండ్రంగా తిప్పమనండి. 32 మిల్లీమీటర్ల గొంతుకి 5 మిల్లీమీటర్లే లెక్కప్రకారం చాలు, చోటుంటే 10 ఇంకా మంచిది. రింగు ఫిల్టర్ డబ్బా లోపల కూర్చోవాలి. దాని నోటికీ ఎదురుగా ఉన్న డబ్బా గోడకీ మధ్య కనీసం 32 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. లేకపోతే గుండ్రటి అంచు ఇచ్చిన లాభాన్ని ఆ గోడ లాగేసుకుంటుంది.

ఇక్కడ చాలా జాగ్రత్తగా చూడాల్సిన చిన్న విషయం ఒకటుంది. ఫిల్టర్ కూర్చునే ఫ్లాంజ్ మీద, బోల్టు రంధ్రాలు కాకుండా, ఇంకా సన్న రంధ్రాలు కనిపిస్తాయి. పిస్టన్ కింది భాగానికి గాలి పీడనం అందేది వాటి గుండానే. ఎస్‌యూలో పిస్టన్‌ని పైకి లేపేది, దాని పైన ఏర్పడే శూన్యానికీ కింద ఉన్న ఈ పీడనానికీ మధ్య తేడా. ప్యాకింగ్ తలకిందులుగా పెట్టినా, కొత్త రింగు వాటిని మూసేసినా, పిస్టన్ సగం దాకా లేచి ఆగిపోతుంది. బండి ఐడ్లింగ్ బాగానే ఉంటుంది, నెమ్మదిగా పోతుంటే బాగానే ఉంటుంది, పెడల్ తొక్కితే మాత్రం లాగదు. మెకానిక్‌లు పెట్రోల్ పంపు మారుస్తారు, కాయిల్ మారుస్తారు, జబ్బు అలాగే ఉంటుంది. కాబట్టి రింగులో, ప్యాకింగ్‌లో, ఫిల్టర్ ప్లేటులో, మూడింటిలోనూ ఆ రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా కొట్టించండి. బిగించాక సన్నటి రాగి తీగ దూర్చి దారి తెరిచి ఉందని నిర్ధారించుకోండి.

బోల్టుల కింద స్ప్రింగ్ వాషర్లు తప్పనిసరి. ఇక్కడ ఊడిన నట్టు నేరుగా ఇంజిన్‌లోకే పోతుంది.

ఆరో పని: జాయింట్లు

కార్బురేటర్‌ని మానిఫోల్డ్ నుంచి విప్పి, ప్యాకింగులూ, మధ్యలోని వేడి ఆపే స్పేసర్ బ్లాకూ ఒకదాని మీద ఒకటి పెట్టి కన్నాలు చూడండి. బజారు ప్యాకింగ్ చాలాసార్లు లోపలికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడుచుకొచ్చి ఉంటుంది. బ్లేడుతో కోసేయండి. మానిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య కూడా అంతే. ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకీ ఇన్‌టేక్ రంధ్రాలు రెండే, రెండేసి సిలిండర్లు ఒక్కో దారిని పంచుకుంటాయి, కాబట్టి ఒక్క మెట్టు రెండు సిలిండర్లకి అడ్డం. గాలి పోయే దిశలో ఎదురుగా నిలబడే మెట్టు చెడ్డది. దాన్ని ఆకురాయితో వాలుగా చేసి, 80 నంబరు ఎమెరీతో సాపు చేయండి. అద్దంలా పాలిష్ చేయించక్కర్లేదు. హెడ్ రంధ్రాల్ని పెద్దవి చేయించే పని జోలికి ఇప్పుడు పోవద్దు. పొడి మొత్తం ఊడ్చి, పెట్రోల్‌తో తుడిచాకే బిగించండి. పని జరుగుతున్నంతసేపూ హెడ్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ ఉండాలి, బ్యాటరీ టెర్మినల్ తీసి ఉండాలి.

ఏడో పని: గాలికి తగ్గ పెట్రోల్

ఫిల్టర్ అడ్డు తగ్గితే మిక్స్చర్ (గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమం) పల్చబడుతుంది, అంటే అందులో పెట్రోల్ పాలు తగ్గుతుంది. ఫ్లోట్ బౌల్‌కి (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నెకి) బయటి గాలి పీడనం తగులుతుంది కాబట్టి, ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు జెట్‌లోంచి (గొంతులోకి పెట్రోల్ వచ్చే రంధ్రంలోంచి) పెట్రోల్ ఎక్కువ వస్తుంది, తెరిచినప్పుడు తగ్గుతుంది. చల్లగాలి కూడా బరువైన గాలే, దానికి కూడా పెట్రోల్ కాస్త ఎక్కువ కావాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోల్ మూడో కారణం. అందులో 20 శాతం ఇథనాల్ ఉండటం వల్ల అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం అవసరం. ఈ మూడూ ఒకే వైపు లాగుతాయి. పల్చటి మిక్స్చర్‌తో హైవే మీద గంటలకొద్దీ నడిపితే ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి. పాత రబ్బరు పెట్రోల్ పైపులు ఇథనాల్‌కి మెత్తబడతాయి, వాటిని ఈ పనిలోనే మార్చేయండి.

ముందు డ్యాష్‌పాట్ (కార్బురేటర్ పిస్టన్ మీదున్న గుండ్రటి మూత) తీసి పిస్టన్‌నీ లోపలి గోడనీ పెట్రోల్‌తో తుడవండి, ఎమెరీ తాకించొద్దు. మళ్లీ బిగించి, డ్యాంపర్ (ఆయిల్‌లో మునిగి పిస్టన్ కదలికని నెమ్మది చేసే కడ్డీ) తీసేసి పిస్టన్ ఎత్తి వదలండి. టక్‌మని బ్రిడ్జి (గొంతులో పిస్టన్ కిందున్న గట్టు) మీద పడాలి. ఎస్‌ఏఈ 20 ఆయిల్ పోసి డ్యాంపర్ దించితే, మూత మరలకు 6 మిల్లీమీటర్ల పైన ఉండగానే చేతికి బరువు తెలియాలి.

జెట్ నట్టును పైకి తిప్పి జెట్‌ని బ్రిడ్జితో సమం చేయండి. అక్కడినుంచి 12 ఫ్లాట్లు (నట్టుకున్న ఆరు పక్కల్లో ఒక్కోటి ఒక ఫ్లాట్), అంటే రెండు పూర్తి చుట్లు, కిందికి దించండి. బండి బాగా వేడెక్కాక పిస్టన్ పక్కనున్న పిన్నుతో దాన్ని ఒక మిల్లీమీటర్ కంటే తక్కువ ఎత్తండి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ, నట్టు పైకి తిప్పండి. వెంటనే పడిపోయి ఆగబోతే తక్కువ, కిందికి తిప్పండి. కొంచెం పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయింది. ఒక్కోసారి ఒక్క ఫ్లాట్ మాత్రమే.

ఇది ఐడ్లింగ్ వరకు. పూర్తి వేగంలో మిక్స్చర్‌ని నిర్ణయించేది పిస్టన్ అడుగున ఉండి జెట్‌లో కదిలే సూది. మూడో గేరులో పూర్తి పెడల్ మీద కొంతదూరం లాగించి, క్లచ్ తొక్కి, ఇంజిన్ ఆపి, పక్కన నిలిపి ప్లగ్గులు విప్పండి. ఆపడం చదును, ఖాళీ రోడ్డు మీదే, తాళం పూర్తిగా తిప్పి స్టీరింగ్ లాక్ పడనీయకుండా. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మంచిది, సున్నంలా తెల్లగా ఉంటే పల్చన. అప్పుడు ఒక మెట్టు మందం మిక్స్చర్ ఇచ్చే సూది వేయించండి. సూదిని ఎమెరీతో అరగదీసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. ఎక్కడ ఎంత అరిగిందో మళ్లీ కొలవలేం కాబట్టి అది వద్దు.

తేడా తెలుసుకోవడం

తెల్లవారుజామున అదే చదును రోడ్డు మీద, టాప్ గేరులో 40 నుంచి 70కి ఎంతసేపు పట్టిందో పక్కనున్నవాళ్లు స్టాప్‌వాచ్‌తో చూడాలి. రెండు దిక్కులా పోయి సగటు తీసుకోండి, గాలి ప్రభావం, రోడ్డు వాలు లెక్కలోంచి పోతాయి. పని మొదలుపెట్టక ముందు కూడా ఇదే కొలత రాసిపెట్టుకుని ఉండాలి, అదే ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉన్న రోజు. చల్లగాలి పైపుతో వచ్చే తేడాని మధ్యాహ్నం ఎండలో విడిగా ఇంకోసారి చూడండి, అది ఎక్కువగా బయటపడేది అప్పుడే.

బ్రీదర్ పైపు తిరిగి తగిలించడం మర్చిపోవద్దు. 500 కిలోమీటర్లు తిరిగాక కార్బురేటర్, మానిఫోల్డ్ నట్లు మళ్లీ ఒకసారి బిగించి, రింగు బోల్టులు చూసి, జూన్‌లో వానలు మొదలయ్యేలోపు చల్లగాలి పైపు జాలీలో చేరిన ఆకులూ పురుగులూ దులపండి.